టీకాల్లో పాదరసం: ఏ పాదరసం, ఎంత, ఎందుకు

2025 జూన్‌లో అమెరికా టీకాల సలహా కమిటీ ఒక తీర్మానం చేసింది. థయోమెర్సాల్ అనే పదార్థం కలిసిన ఫ్లూ టీకాలను ఇక ఎవరికీ వేయొద్దని దాని సారాంశం. ఆ కమిటీలో అంతకుముందు ఉన్న 17 మందినీ ఆరోగ్య మంత్రి రాబర్ట్ కెన్నెడీ జూనియర్ అదే నెలలో తొలగించి, కొత్తవారిని నియమించారు. జూలైలో ఆయనే ఈ తీర్మానంపై సంతకం పెట్టారు. నిజానికి అప్పటికే అమెరికాలో వేసే ఫ్లూ టీకాల్లో నూటికి 90కి పైగా ఆ పదార్థం లేనివే. కాబట్టి అక్కడ మారింది తక్కువ. వార్త మాత్రం చాలా దూరం వెళ్లింది. "అమెరికాలో నిషేధించిన పాదరసం మన పిల్లలకు ఇంకా ఎక్కిస్తున్నారు" అనే మాట ఫోన్లో చదివిన తల్లికి టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? నెలన్నర పిల్లను ఎత్తుకుని బుధవారం టీకా రోజు పీహెచ్‌సీకి బయలుదేరుతున్న తల్లికి అయితే మరీను.

ఆ మాటలో సగం నిజం ఉంది. మన ప్రభుత్వ టీకాల్లో కొన్నిటిలో థయోమెర్సాల్ ఉంటుంది, అందులో పాదరసం ఉంటుంది. మిగతా సగం తేలాలంటే మూడు సంగతులు తెలియాలి. అది ఏ రకం పాదరసం, ఎంత, అది లేకపోతే ఏమవుతుంది. మూడోదాన్ని చాలామంది అడగరు. నేను అక్కడినుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ పదార్థం టీకా సీసాలోకి వచ్చిందే ఆ కారణంగా.

సీసాలో ఇది ఎందుకు ఉంది

1928 జనవరిలో ఆస్ట్రేలియాలోని బండబర్గ్ అనే ఊళ్లో 21 మంది పిల్లలకు కంఠసర్పి (డిఫ్తీరియా) టీకా వేశారు. రెండు రోజులు తిరక్కుండానే వారిలో 12 మంది చనిపోయారు. అంతకుముందు కొద్ది రోజుల్లోనే అదే సీసాలోంచి మరికొందరు పిల్లలకు వేస్తే ఏమీ కాలేదు. విచారణ సంఘం సీసాను పరీక్షిస్తే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా కనబడింది. టీకాలో దోషం లేదు. రబ్బరు మూతలోంచి సూది మళ్లీ మళ్లీ దిగింది, ఎప్పుడో ఒకసారి క్రిమి లోపలికి వెళ్లింది, అక్కడి ఎండాకాలం వేడికి అది పెరిగింది. క్రిములను అడ్డుకునే మందు కలపకుండా ఇలాంటి టీకాను పలుమార్లు వాడే సీసాలో ఉంచకూడదని ఆ సంఘం తేల్చింది.

క్రిములు పెరగకుండా ఆపే ఇలాంటి మందునే ప్రిజర్వేటివ్ అంటారు. థయోమెర్సాల్ ఆ పనికి 1930ల నుంచి వాడుకలో ఉంది. అమెరికాలో దీన్నే థైమెరోసాల్ అంటారు. రెండు పేర్లూ ఒకదానివే.

ఒక్క డోసు మాత్రమే ఉండే సీసాకు, ముందే నింపి వచ్చే సిరంజికి ఇది అవసరం లేదు. సూది ఒక్కసారే దిగుతుంది, మిగిలేదేమీ ఉండదు. పది డోసుల సీసా సంగతి వేరు. మన సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) సీసా తెరవగానే దానిమీద తేదీ, టైము రాస్తుంది. ఆ రోజు ఆరుగురు పిల్లలే వస్తే మిగిలిన నాలుగు డోసులూ ఐస్‌ప్యాకుల పెట్టెలో తిరిగి పీహెచ్‌సీ ఫ్రిజ్‌కి చేరతాయి. చల్లదనం, సీసాపై రంగు మారే గుర్తు, శుభ్రత అన్నీ సరిగ్గా ఉంటే ఆ సీసాను 28 రోజుల దాకా వాడొచ్చని మన దేశ నిబంధన. తట్టు-రుబెల్లా (ఎంఆర్) టీకాకు ఈ వెసులుబాటు లేదు. పొడిలో నీళ్లు కలిపాక నాలుగు గంటలు దాటితే ఎన్ని డోసులు మిగిలినా పారేయాల్సిందే, ఎందుకంటే అందులో ప్రిజర్వేటివ్ లేదు. ఈ నియమం గాలికి వదిలేస్తే ఏమవుతుందో 2017లో దక్షిణ సూడాన్‌లో తేలింది. తట్టు టీకాను చల్లగా ఉంచకుండా రోజుల తరబడి వాడారు, ఒకే సిరంజితో కలిపి వేశారు. 15 మంది పిల్లలు చనిపోయారు.

మన పిల్లలకు వేసే ఏ టీకాల్లో ఉంటుంది

పుట్టగానే వేసే బీసీజీలో లేదు. పోలియో చుక్కల్లో, రోటావైరస్ చుక్కల్లో, ఎంఆర్‌లో లేదు. ఇవన్నీ బతికున్న, కానీ బలహీనపరిచిన క్రిములతో చేసే టీకాలు. క్రిమిని చంపే మందు కలిపితే టీకానే చచ్చిపోతుంది. పోలియో ఇంజెక్షన్లోనూ వాడరు, ఎందుకంటే థయోమెర్సాల్ ఆ టీకా శక్తిని దెబ్బతీస్తుంది.

ఇక్కడే పెద్ద గందరగోళం ఒకటి విప్పాలి. టీకాల వల్ల ఆటిజం వస్తుందనే భయాలు రెండున్నాయి. ఒకటి 1998లో ఇంగ్లండులో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడి వ్యాసంతో మొదలైన ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) భయం. ఆ వ్యాసాన్ని పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. రెండోది ఈ పాదరసం భయం. ఫార్వర్డ్ మెసేజీల్లో రెండూ కలిసిపోయి "ఎంఎంఆర్‌లోని పాదరసం" అయ్యాయి. ఎంఎంఆర్‌లో థయోమెర్సాల్ ఎప్పుడూ లేదు.

ముఖ్యంగా ఉండేది పది డోసుల సీసాల్లో వచ్చే పెంటావాలెంట్‌లో, డీపీటీ బూస్టర్‌లో, హెపటైటిస్-బిలో, పెద్దపిల్లలకు వేసే టీడీలో (ధనుర్వాతం, కంఠసర్పి టీకా). పెంటావాలెంట్ అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (మెదడు పొరల వాపు, న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా) అనే ఐదిటికీ కలిపి ఒకటే ఇంజెక్షన్. కంపెనీని బట్టి, సీసాను బట్టి తేడా ఉంటుంది. లేబుల్ మీద రాసి ఉంటుంది. ప్రైవేటు ఆస్పత్రుల్లో "నొప్పి లేని ఇంజెక్షన్" అని అడిగి వేయించుకునేవి చాలావరకు ఒక్క డోసు సిరంజీలు, వాటిలో సాధారణంగా థయోమెర్సాల్ ఉండదు. అయితే నొప్పి, జ్వరం తగ్గడానికి కారణం పాదరసం లేకపోవడం కాదు. వాటిలోని కోరింత దగ్గు భాగాన్ని వేరే పద్ధతిలో తయారు చేస్తారు.

థయోమెర్సాల్‌కు బదులు ఇంకోటి లేదా? ఉంది. 2-ఫినాక్సీ ఇథనాల్ అనేది కొన్ని టీకాల్లో వాడతారు. హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్‌లో ఉన్నది అదే. కానీ ప్రిజర్వేటివ్ మార్చడమంటే లేబుల్ మార్చినంత తేలిక కాదు. ఆ కొత్త మందు టీకాలోని ప్రతి భాగంతోనూ ఎలా కలుస్తుందో, ఎన్ని నెలలు నిలుస్తుందో, అన్ని రకాల క్రిములనూ ఆపుతుందో లేదో మొదటినుంచీ పరీక్షించాలి, మళ్లీ అనుమతులు తెచ్చుకోవాలి.

రెండు రకాల పాదరసం

పాదరసం అనగానే గుర్తొచ్చే విషాదం జపాన్‌లోని మినమాటా. ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన వ్యర్థాల్లోని పాదరసం చేపల్లో చేరింది, ఆ చేపలు తిన్న మత్స్యకార కుటుంబాల నరాలు దెబ్బతిన్నాయి, కడుపులో ఉన్న బిడ్డలూ దెబ్బతిన్నారు. 1956లో ఆ జబ్బును గుర్తించారు. 1971-72లో ఇరాక్‌లో విత్తనాల కోసం మందు పట్టించిన గోధుమలతో జనం రొట్టెలు చేసుకుని తిని వందల మంది చనిపోయారు. రెండిట్లోనూ విషం మిథైల్ మెర్క్యురీ. పాదరసం గురించి మనకున్న భద్రతా పరిమితులు చాలావరకు దానిమీద చేసిన పరిశీలనల నుంచి వచ్చినవే.

థయోమెర్సాల్ ఒంట్లోకి వెళ్లాక విడిపోయి ఇచ్చేది ఇథైల్ మెర్క్యురీ. పేరులో ఒక్క అక్షరం తేడా అని తేలిగ్గా తీసుకోకూడదు. సారాలో ఉండే ఇథైల్ ఆల్కహాల్ మత్తెక్కిస్తుంది, కల్తీ సారాలో చేరే మిథైల్ ఆల్కహాల్ కళ్లు పోగొడుతుంది, ప్రాణం తీస్తుంది. అయితే ఈ పోలిక ఒక అనుమానాన్ని లేవనెత్తడానికే పనికొస్తుంది, రుజువు కాదు. ఇథైల్ మెర్క్యురీ నిజంగా వేరుగా ప్రవర్తిస్తుందా అన్నది కొలిచి తెలుసుకోవాల్సిందే.

కొలిచారు. అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరిస్‌లో 216 మంది పసిపిల్లలకు థయోమెర్సాల్ టీకాలు వేశాక రక్తం పరీక్షించారు. ఆ ఫలితాలు 2008లో వచ్చాయి. రక్తంలోని పాదరసం సగానికి పడిపోవడానికి పట్టిన కాలం సుమారు 3.7 రోజులు. మిథైల్ మెర్క్యురీకి పెద్దవాళ్లలో దాదాపు 44 రోజులు పడుతుంది.

మన టీకాల మధ్య ఎడం ప్రకారం లెక్క వేద్దాం. పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు వేస్తారు, అంటే డోసుకీ డోసుకీ మధ్య 28 రోజులు. 3.7 రోజులకోసారి సగమైతే 28 రోజుల్లో ఏడుసార్లకు పైగా సగమవుతుంది. మొదటి డోసు వల్ల రక్తంలో 100 భాగాలు చేరిందనుకుంటే రెండో డోసు నాటికి ఒక భాగం కూడా మిగలదు. అదే మిథైల్ మెర్క్యురీ అయితే 64 భాగాలు ఇంకా ఉంటాయి, రెండో డోసు దానిమీద పేరుకుంటుంది. "డోసు మీద డోసు వేస్తే ఒంట్లో కూడబడుతుంది కదా" అనే ప్రశ్నకు రక్తం విషయంలో ఇదీ సమాధానం.

మెదడు విషయంలో సమాధానం ఇంత సూటిగా లేదు. 2005లో కోతిపిల్లలపై చేసిన అధ్యయనంలో థయోమెర్సాల్ ఇచ్చిన పిల్లల మెదడులో చేరిన మొత్తం పాదరసం, మిథైల్ మెర్క్యురీ ఇచ్చినవాటికంటే చాలా తక్కువ. కానీ చేరిన దాంట్లో అకర్బన రూపంలోకి (కార్బన్‌తో అతుక్కోని పాదరసంగా) మారిన భాగం ఎక్కువ. ఆ రూపం మెదడులోంచి త్వరగా పోదు. థయోమెర్సాల్‌ను వ్యతిరేకించే చదువుకున్నవారు చూపించే బలమైన ఆధారం ఇదే, దాన్ని దాచిపెట్టి వాదించడం సరికాదు. ఆ కొద్దిపాటి అకర్బన పాదరసం పిల్లల్లో హాని చేస్తోందా అన్నదానికి జవాబు రక్తపరీక్షల్లో దొరకదు, లక్షల మంది పిల్లల ఆరోగ్య రికార్డుల్లోనే వెతకాలి.

ఎంత: మన టీకాల పట్టిక ప్రకారం

టీకాలో థయోమెర్సాల్ సాధారణంగా 0.005 నుంచి 0.01 శాతం దాకా ఉంటుంది. 0.01 శాతం అంటే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు. డోసు అర మిల్లీలీటరు కాబట్టి 50 మైక్రోగ్రాముల థయోమెర్సాల్. బరువులో దాదాపు సగం పాదరసం, అంటే 25 మైక్రోగ్రాములు. గ్రాములో పది లక్షలో వంతు ఒక మైక్రోగ్రాము. 0.005 శాతం అయితే 12.5. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొలతల్లో డబ్బాలో అమ్మే లైట్ ట్యూనా చేపలో కిలోకి సగటున 126 మైక్రోగ్రాముల పాదరసం తేలింది. 200 గ్రాములు తింటే 25 లోపలికి వెళ్తుంది, అదీ మిథైల్ రకం. తినేది పెద్దవాళ్లు, వేసేది పసిబిడ్డకు. కాబట్టి ఇది పరిమాణం ఊహకు అందడానికే, భద్రతకు రుజువుగా కాదు.

పుట్టిన రోజు హెపటైటిస్-బి ఒకటి, తర్వాత పెంటావాలెంట్ మూడు. ఈ నాలుగూ థయోమెర్సాల్ ఉన్నవే అనుకుంటే 14 వారాల్లో 50 నుంచి 100 మైక్రోగ్రాములు.

ఇప్పుడు దీన్ని పరిమితితో పోల్చాలి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పరిమితి కిలో బరువుకు రోజుకు 0.1 మైక్రోగ్రాము. బిడ్డ సగటు బరువు నాలుగున్నర కిలోలు, 98 రోజులు అనుకుంటే 44 మైక్రోగ్రాములు. మన లెక్క దాన్ని దాటుతోంది. ఎఫ్‌డీఏ పరిమితి 0.4తో గుణిస్తే 176 వస్తుంది, దానికి లోబడే ఉంది. ఈ రెండు అంకెల్లో తమకు నచ్చినదాన్నే రెండు వర్గాలూ చూపిస్తాయి. రెండిటి వెనకా ఉన్న సంగతి ఒకటే. ఆ పరిమితులు మిథైల్ మెర్క్యురీవి, జీవితమంతా రోజూ తినేదాని కోసం గీసినవి. ఈపీఏ గీత హాని కనబడ్డ స్థాయిలో పదోవంతుకు దించి గీసినది. గీత దాటితే హాని అని దాని అర్థం కాదు, దాటినప్పుడు ఆగి పరిశీలించమని అర్థం.

1999లో అమెరికా ఏం చేసింది

సరిగ్గా ఇలాంటి లెక్కే ఆ ఏడాది అమెరికా అధికారుల ముందుకొచ్చింది. ఆహార పదార్థాల్లో, మందుల్లో పాదరసం ఎంతుందో లెక్క తీయమని 1997లో చట్టం చేశారు. టీకాలన్నీ కలిపి చూస్తే ఆరు నెలల బిడ్డకు గరిష్ఠంగా 187.5 మైక్రోగ్రాములు చేరొచ్చని తేలింది. డీపీటీ మూడు, హిబ్ మూడు, ఒక్కోటి 25 చొప్పున 150. హెపటైటిస్-బి మూడు, 12.5 చొప్పున 37.5. అంతకుముందు ఎవరూ ఇవన్నీ ఒకచోట కూడి చూడలేదు. ఆ లోపం నిజమైనదే.

1999 జూలైలో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, ప్రభుత్వ ఆరోగ్య శాఖ కలిసి ప్రకటన ఇచ్చాయి. హాని జరిగినట్టు ఆధారం లేదు, అయినా ముందుజాగ్రత్తగా తీసేద్దాం అన్నాయి. 2001 నాటికి చిన్నపిల్లలకు క్రమం తప్పకుండా వేసే టీకాల నుంచి తీసేశారు, కొన్ని ఫ్లూ టీకాలు తప్ప. అక్కడ ఒక్క డోసు సీసాలకు డబ్బు ఉంది, ఫ్రిజ్‌లు ఉన్నాయి, కరెంటు పోదు. తీసేయడం తేలిక.

నా దృష్టిలో ఈ మొత్తం కథకు కీలకం ఇక్కడే ఉంది. ముందుజాగ్రత్తను జనం ఒప్పుకోలుగా చదివారు. హాని లేకపోతే ఎందుకు తీశారు అనే ప్రశ్న న్యాయమైనదే, దానికి సమాధానం చెప్పే ఏర్పాటు ఆ ప్రకటనలో లేదు. వెంటనే నష్టం కూడా జరిగింది. పుట్టిన రోజు హెపటైటిస్-బి టీకాను కొన్ని ఆస్పత్రులు ఆపేశాయి. తల్లికి వైరస్ ఉన్న బిడ్డలకు ఆపమని ఎవరూ చెప్పలేదు, కానీ గందరగోళంలో అదీ జరిగింది. మిషిగన్‌లో అలాంటి తల్లికి పుట్టి టీకా అందని మూడు నెలల బిడ్డ హెపటైటిస్-బితో చనిపోయింది.

తీసేశాక ఏమైంది

తీసేయడం వల్ల ఒక పెద్ద ప్రయోగం దానంతటదే జరిగిపోయింది. థయోమెర్సాల్ ఆటిజానికి కారణమైతే, అది పోయాక పుట్టిన పిల్లల్లో ఆటిజం తగ్గాలి. కాలిఫోర్నియా రికార్డులు 2008లో చూస్తే తగ్గలేదు, పెరుగుతూనే ఉంది. అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల్లో ఆటిజం గుర్తింపు 2000లో 150 మందిలో ఒకరికి, 2022లో 31 మందిలో ఒకరికి. ఆ 2022 పిల్లలు 2014లో పుట్టారు. డెన్మార్క్ 1992లోనే ఈ టీకాలు ఆపింది, అక్కడా పెరిగింది. డెన్మార్క్ అంకెలపై ఒక అభ్యంతరం ఉంది. 1995 నుంచి ఔట్‌పేషెంట్లను కూడా లెక్కలోకి తీసుకున్నారు, కాబట్టి పెరుగుదలలో కొంత లెక్క మారడం వల్ల వచ్చినదే. అందుకే దానికంటే బలమైనది అదే దేశంలో 4,67,450 మంది పిల్లలపై 2003లో వచ్చిన అధ్యయనం. అందులో థయోమెర్సాల్ ఉన్న కోరింత దగ్గు టీకా పడిన పిల్లలనూ, లేనిది పడిన పిల్లలనూ నేరుగా పోల్చారు. ఆటిజంలో తేడా కనబడలేదు.

ఆటిజం ఒక్కటే చూస్తే సరిపోదు, సున్నితమైన లోపాలు ఉండొచ్చు కదా అన్నది మరో అభ్యంతరం. 2007లో అమెరికాలో 7 నుంచి 10 ఏళ్ల పిల్లలు 1,047 మందికి జ్ఞాపకశక్తి, మాట, ఏకాగ్రత లాంటి 42 పరీక్షలు పెట్టారు. ఎక్కువభాగం తేడా లేదు. కొన్నిటిలో చిన్న తేడాలు కనబడ్డాయి, కొన్ని చెడు వైపు, కొన్ని మంచి వైపు. ఇన్ని పరీక్షలు పెడితే రెండు మూడు యాదృచ్ఛికంగా తేడా చూపిస్తాయి. మగపిల్లల్లో టిక్స్, అంటే అసంకల్పితంగా కన్ను కొట్టుకోవడం, భుజం ఎగరేయడం లాంటివి కొంచెం ఎక్కువన్న ఫలితం మాత్రం 2012లో మరో విశ్లేషణలోనూ వచ్చింది. దాన్ని కొట్టిపారేయక్కర్లేదు, దానిమీద భయం పెంచుకోవాల్సినంతా లేదు.

అమెరికా వైద్య శాస్త్ర సంస్థ 2001లో "కారణం కావచ్చు, కాకపోవచ్చు, ఆధారాలు చాలవు" అంది. 2004లో ఆధారాలు వచ్చాక ఆటిజంతో సంబంధాన్ని తోసిపుచ్చే వైపే సాక్ష్యం ఉందని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ కూడా పదేపదే చూసి ఇదే చెప్పింది. నిజంగా తెలిసిన ప్రభావం అలర్జీ. కొద్దిమందికి ఇంజెక్షన్ చోట ఎర్రబడటం, వాపు వస్తాయి.

ధనిక దేశాల పిల్లలకు ఒకటి, మనకు ఒకటా?

పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం 2013లో కుదిరింది. ఆ చర్చల్లో టీకాల్లోంచి కూడా తీసేయాలని కొన్ని సంస్థలు పట్టుబట్టాయి. వారి వాదనలో నాకు బాగా తగిలేది ఇది: అమెరికా తన పిల్లలకు వద్దనుకున్నదాన్ని ఆఫ్రికా, ఆసియా పిల్లలకు సరిపోతుందని ఎలా అంటారు? అవమానం ఉన్న ప్రశ్న అది. చివరకు ఒప్పందం టీకాల ప్రిజర్వేటివ్‌ను మినహాయించింది. 1999లో తీసేయమన్న అమెరికా పిల్లల వైద్యుల సంఘమే ఈసారి ఆ మినహాయింపును సమర్థించింది.

ఎందుకో మన అంకెల్లో చూడొచ్చు. దేశంలో ఏటా దాదాపు రెండున్నర కోట్ల మంది పిల్లలు పుడుతున్నారు. ఒక్కొక్కరికి పెంటావాలెంట్ మూడు, అంటే ఏడున్నర కోట్ల డోసులు. పది డోసుల సీసాలైతే 75 లక్షలు. ఒక్క డోసు సీసాలైతే ఏడున్నర కోట్లు, ఒక్క టీకాకే. వాటిని చల్లగా ఉంచే గదులు, మోసే వ్యాన్లు, పీహెచ్‌సీ ఫ్రిజ్‌లు, ఆశా కార్యకర్త భుజానికి తగిలించుకునే పెట్టె, తర్వాత కాల్చాల్సిన చెత్త, అన్నీ పెరగాలి. ధర సంగతి చెప్పక్కర్లేదు. ప్రిజర్వేటివ్ తీసేసి పది డోసుల సీసానే ఉంచితే, మిగిలిన డోసులు రోజూ పారేయాలి. పారేయడం ఇష్టం లేక నలుగురు వచ్చేదాకా సీసా తెరవకపోతే, వచ్చిన ఇద్దరు పిల్లలు టీకా లేకుండా తిరిగి వెళ్తారు. ఏ తండాలోనో, ఏ కొండమీది గూడెంలోనో ఆ తల్లి మళ్లీ వచ్చేది ఎప్పుడో చెప్పలేం.

ఒక్క డోసు టీకాలు కావాలని అడగడం తప్పు కాదు. సీసాలో వృథా తగ్గించే కొత్త ప్యాకింగ్‌లు, కొత్త ప్రిజర్వేటివ్‌లు వస్తే మన దేశమూ మారాలి, అందులో హైదరాబాద్ కంపెనీలు ముందుండగలవు. దానికి కారణంగా చెప్పాల్సింది సౌకర్యం, సీసాలు కలుషితం కాకుండా ఉండటం, పర్యావరణం. పిల్లల మెదడుకు ఇప్పటిదాకా హాని చేస్తోందని చెప్పి మారమంటే, ఉన్న ఆధారం ఆ మాటను మోయదు. కంఠసర్పి అయితే మన దగ్గర ఇంకా పోలేదు. టీకా అందని పిల్లల్లో ఇప్పటికీ కేసులు వస్తూనే ఉన్నాయి.